కుట్టు టీచరుగారూ, ఓ ఆది జాకెట్టూ

పాత పట్టు జాకెట్టు కుట్లు విప్పుతుంటే ఒక వాసన వస్తుంది. కలరా ఉండలూ, ఎప్పుడో పూసుకున్న పౌడరూ, ఎండిపోయిన చెమటా అన్నీ కలిసిన వాసన. మొన్న బుధవారం రాజమండ్రి నుంచి ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మగారి జాకెట్లు నాలుగు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఈ మోడల్లోనే కావాలండి, ఈ గుడ్డతోనే నాకు సరిపోయేలా చెయ్యాలి" అంది. మొదటిదాని చంక కింద బ్లేడు పెట్టి కుట్టు తెంపగానే ఆ వాసన గుప్పుమంది. పని ఆపి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి కంగారుపడి "ఏమైందండీ, చిరిగిందా?" అని అడిగింది. చిరగలేదు. మా కుట్టు టీచరుగారు గుర్తొచ్చారు, అంతే.

ఈ కాలం పిల్లలు ఇలాంటి వాటికి వింటేజ్ అని పేరు పెట్టారు. పేరు ఏదైతేనేం, పని మంచిది. ఆరు నెలలు తొడిగి అవతల పారేసే బట్టలు బీరువా నిండా పెట్టుకుని, "వేసుకోవడానికి ఒక్కటీ లేదు" అని నిట్టూర్చేవాళ్ళని రోజూ చూస్తున్నాను. వాళ్ళలో కొందరైనా పాత ట్రంకు పెట్టెలు తెరిచి నా దగ్గరికి వస్తున్నారంటే నాకు సంతోషమే. వచ్చిన ప్రతివాళ్ళూ "ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అని అడుగుతారు. నాది కాదండీ, మా కుట్టు టీచరుగారిది అంటాను. ఆవిణ్ణి వాళ్ళెవరూ చూడలేదు. చూడనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు సువార్తమ్మ. ముప్పై ఏళ్ళకి పైగా మిషను స్కూల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పి రిటైరయ్యారు. మిషను స్కూల్లో మిషను టీచరు అని ఊళ్ళో వేళాకోళం చేసేవారు, ఆవిడా నవ్వేసేవారు. నిడదవోలు స్టేషనుకి అవతల, కాలువకి వెళ్ళే దారిలో రెండు గదుల ఇల్లు. ముందు వసారా, వసారాలో కాళ్ళతో తొక్కే మిషను. తెల్ల నూలు చీర, మోచేతుల దాకా జాకెట్టు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు. ఆదివారం చర్చికి కూడా ఆ తెల్లచీరే, కాకపోతే ఇస్త్రీ చేసినది. భర్త తొందరగా పోయారు, పిల్లల్లేరు. ఆ లోటు గురించి ఆవిడ మాట్లాడగా నేను వినలేదు. మాట్లాడితే గుడ్డ గురించే మాట్లాడేవారు.

నేను ఆ ఊరు వెళ్ళింది తొంభైల మధ్యలో. మా ఆయన రైల్వే గూడ్సు ఆఫీసులో క్లర్కు, అక్కడికి బదిలీ అయింది. అప్పటికే నేను రాజమండ్రిలో కుట్టుపని డిప్లొమా చేసి, క్లాసులో మొదటిదాన్నని సర్టిఫికెట్టు తెచ్చుకుని ఉన్నాను. అద్దింట్లో ముందు గదికి ఒక కర్టెన్ కట్టి, బయట బోర్డు వేలాడదీశాను: లేటెస్ట్ మోడల్స్ ఇచ్చట కుట్టబడును. ఆ బోర్డు అక్షరాలు ఎంత పెద్దవో నా పొగరు కూడా అంతే ఉండేది. ఒంటికి అతుక్కుపోయేలా, ఎక్కడా ముడత లేకుండా కుట్టేదాన్ని. నాలుగు నెలల్లో నాకు పేరొచ్చింది.

ఆ పేరుకి మొదటి చిరుగు పోస్టుమాస్టరుగారి భార్య వల్ల పడింది. వాళ్ళ గృహప్రవేశానికి నేను కుట్టిన జాకెట్టు వేసుకుని, గుమ్మానికి మామిడాకులు కట్టడానికి చేతులెత్తేసరికి రెండు చంకలూ ఒకేసారి పర్రున చిరిగాయట. నాకు చెప్పకుండా ఆ జాకెట్టు సువార్తమ్మగారికి ఇచ్చారు. సంగతి తెలిసి నేను చెప్పులు వేసుకుని నేరుగా ఆవిడ వసారాకి వెళ్ళాను, పోట్లాటకే.

"నేను కుట్టిన జాకెట్టు మీ దగ్గరికెందుకు వచ్చిందండీ?" అన్నాను గుమ్మంలోంచే.

"ఊరికే రాలేదమ్మాయ్, చిరిగి వచ్చింది" అన్నారావిడ తలెత్తకుండా. "ఎండన పడి వచ్చావు, కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?"

అంత నెమ్మదిగా మాట్లాడే మనిషితో పోట్లాడడం చాలా కష్టం. కూర్చున్నాను. ఆవిడ జాకెట్టు తిరగేసి నా ఒళ్ళో వేశారు. "పైన చక్కగా కుట్టావు. చెయ్యి మంచిదే. లోపల మటుకు ఏమీ మిగల్చలేదు చూడు" అన్నారు. నిజమే. కుట్టుకి అవతల పావంగుళం గుడ్డ కూడా వదల్లేదు నేను. వదిలితే లోపల ఉబ్బుగా ఉంటుంది, ఫిట్టింగు చెడుతుంది అని మాకు నేర్పారు.

"లోపల ఎవరు చూస్తారండీ?" అన్నాను.

"వేసుకునే మనిషి చూస్తుంది. ఒళ్ళొచ్చిన రోజున చూస్తుంది, పిల్ల పుట్టిన ఏడాది చూస్తుంది. విప్పి వదులు చేసుకుందామంటే నువ్వేం ఉంచావు గనక? పారెయ్యడమే." ఆ మాటంటూనే నన్ను చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. నేను వేసుకున్న నా జాకెట్టే నడుం దగ్గర్నుంచి జానెడు పైకి లేచింది. ఆవిడ నవ్వలేదు గానీ, కళ్ళజోడు సర్దుకున్నారు. అప్పుడు చూపించారు, పోస్టుమాస్టరుగారి భార్య జాకెట్టుకి చంకలో వేసిన నలుపలకల ముక్క. పూర్వపు రవికలకి అదుండేదట. అది ఉంటే చెయ్యి ఎటు తిప్పినా కుట్టు మీద బరువు పడదు. మా డిప్లొమాలో ఎవరూ దాని ఊసెత్తలేదు.

నాలుగు రోజులు ఉక్రోషంతో ఉన్నాను. ఐదో రోజు మళ్ళీ వెళ్ళి, "నాకు నేర్పుతారాండీ?" అని అడిగాను. అడగడానికి నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. నా జీవితంలో చేసిన తెలివైన పనులు వేళ్ళ మీద లెక్కపెడితే అందులో అదొకటి.

"కుట్టడం నీకు వచ్చుగా. విప్పడం నేర్చుకో" అన్నారావిడ. లోపలి గదిలోంచి ఒక చెక్కపెట్టె ఈడ్చుకొచ్చారు. దాని నిండా ఆదులు. రెడీమేడ్ కాలం పిల్లలకి ఆది అంటే తెలియకపోవచ్చు. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి టైలరుకి కొలతగా ఇస్తాం, దాన్ని చూసి కొత్తది కుడతారు. అదే ఆది. తీసుకున్న ఆది తిరిగిచ్చేదాకా టైలరుకి కంటి మీద కునుకుండదు. అయినా కొందరు తీసుకోవడం మరిచిపోతారు, కొందరు ఊళ్ళు మారిపోతారు, కొందరు పోతారు. అలా ముప్పై నలభై ఏళ్ళుగా ఎవరూ వచ్చి అడగనివన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. ఆవిడ ఒక్కటి కూడా పారెయ్యలేదు.

రోజూ మధ్యాహ్నం మా ఆయన భోంచేసి వెళ్ళాక ఆ వసారాకి వెళ్ళేదాన్ని. ఒక పాత జాకెట్టు తీసి కుట్టు కుట్టుగా విప్పాలి. ముక్కలన్నీ నేల మీద పరిచి, ఏది ఎందుకు అలా కత్తిరించారో చెప్పాలి. మళ్ళీ అవే ముక్కల్ని అవే రంధ్రాల్లోంచి చేత్తో కుట్టి యథాతథంగా చెయ్యాలి. ఆరు నెలలు అదే పని. మొదట్లో విసుగొచ్చి ఏడ్చినంత పనైంది. తరవాత్తరవాత ఆ ముక్కలు నాతో మాట్లాడడం మొదలుపెట్టాయి. ఒక గళ్ళ జాకెట్టు లోపల నాలుగు వరసల పాత కుట్ల జాడలున్నాయి. పెళ్ళికూతురుగా వేసుకున్నావిడ నలుగురు పిల్లల తల్లయ్యేదాకా దాన్నే వదులు చేయించుకుంటూ వేసుకుందన్నమాట. ఇంకొకదానికి చేతులు వేరే గుడ్డతో ఉన్నాయి, కానీ గీత గీతకి కలిసేలా ఎంత ఓపిగ్గా అతికారంటే, విప్పేదాకా నాకే తెలియలేదు. ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి చూస్తే మొత్తం గుడ్డలో గుప్పెడుకి మించి మిగిలేది కాదు. ఆ గుప్పెడు కూడా బొంతలోకో, పసిపిల్లల టోపీలోకో పోయేది.

కొత్త గుడ్డ కత్తిరించే ముందు ఆవిడ ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎక్కడికి వేసుకుంటావు, రోజంతా ఏం పని చేస్తావు, నీ తరవాత ఇది ఎవరికి? మూడో ప్రశ్న దగ్గర చాలామంది బెదిరిపోయేవారు. ఒకసారి రైసుమిల్లువారి కోడలు పెళ్ళిరోజుకని పట్టుజాకెట్టు గుడ్డ తెచ్చింది. టీచరుగారు టేపు చుడుతూ మామూలుగా అడిగారు.

"నా తరవాతంటే? నేను పోయాకనా?" అని ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "మంచిరోజని వస్తే ఇదేం మాటండీ!"

"నువ్వెందుకు పోతావమ్మా, నూరేళ్ళుంటావు. నీకు విసుగు పుట్టాక అంటున్నాను. మీ చెల్లెలు నీకన్నా పొడుగు కదా, ఆ పిల్లకిస్తావేమోనని. ఇస్తానంటే కింద రెండంగుళాలు మడిచి కుడతాను."

ఆ అమ్మాయి కాసేపు ముఖం మాడ్చుకుని కూర్చుని, చివరికి తనే నవ్వేసి "అయితే చెల్లికేనండి" అంది. ఇప్పుడు నేనూ ఆ ప్రశ్న అడుగుతాను. కాకపోతే "తరవాత" అనే మాట వాడను, అంత ధైర్యం నాకు లేదు.

రెండు వేల సంవత్సరం అటూ ఇటూ రెడీమేడ్లు ఊరి మీద పడ్డాయి. మెయిన్ రోడ్డు నిండా నైటీలు, డ్రెస్సులు, హ్యాంగర్లకి వేలాడుతూ ఉండేవి. నా షాపుకి వచ్చేవాళ్ళు తగ్గారు. నాకు భయం వేసి నేను కూడా ఒక డజను నైటీలు తెప్పించి కర్టెన్ పక్కన వేలాడదీశాను. టీచరుగారికి తెలిస్తే ఏమంటారోనని రెండు వారాలు దాచాను. ఓ రోజు ఆవిడే వచ్చి, ఏమీ అనకుండా ఒక నైటీ కొనుక్కుని, అక్కడే నా బల్ల మీద తిరగేశారు. "వీళ్ళు ఏం చేశారో చూద్దామే" అంటూ అంచున వేలాడుతున్న దారం పట్టుకుని లాగారు. దారం సర్రుమని వచ్చేసింది. భుజం నుంచి పాదాల దాకా ఒక పక్కంతా విడిపోయి, నైటీ దుప్పటిలా పరుచుకుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎంత నవ్వామంటే, ఎదురింటివాళ్ళు తొంగిచూశారు. నవ్వయ్యాక ఆవిడ మిషను దగ్గర కూర్చుని దాన్ని శుభ్రంగా మళ్ళీ కుట్టారు. "పాపం, గుడ్డదేం తప్పు లేదు" అన్నారు. మిగతా పదకొండూ నేను అలాగే విప్పి కుట్టి అమ్మాను. మళ్ళీ తెప్పించలేదు.

ఇంతవరకూ చదివి నేను మంచి శిష్యురాల్ననుకుంటారేమో. నేను చేసిన తప్పు గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకానికి అర్థమే లేదు.

ఆవిడకి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. దారం సూదిలోకి ఎక్కించలేకపోతున్నారు. తన దగ్గరికి వచ్చేవాళ్ళని ఒక్కొక్కరినే నా దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. అలా వచ్చినవారు కామేశ్వరిగారు. అసలు పేరు అది కాదు. రాసుకోమని ఆవిడే ఒప్పుకున్నా, పేరు నేనే మార్చాను. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. నలభై రెండు, నలభై మూడేళ్ళుంటాయి. ఏడాది పాటు ఒంట్లో బాగాలేక సెలవులో ఉండి, జూన్‌లోనే మళ్ళీ స్కూల్లో చేరారని అందరికీ తెలుసు. రెండు భుజాలూ కప్పుకుని, కుర్చీలో కూర్చునే పాఠం చెబుతున్నారని, బోర్డు మీద లెక్కలు పిల్లల చేతే రాయిస్తున్నారని కూడా అనుకునేవారు. జబ్బేంటో ఎవరికీ తెలీదు.

ఆవిడ వచ్చే ముందురోజు టీచరుగారు నన్ను పిలిచి చెప్పారు. "రేపు కామేశ్వరి ఆది తెస్తుంది. ఉన్నది ఉన్నట్టు కుట్టు. నీ తెలివేం పెట్టకు."

"అలాగేనండీ" అన్నాను.

కామేశ్వరిగారు ఆదితో పాటు ఒక వంగపండు రంగు పట్టుచీర తెచ్చారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నదట. మడతల్లో చీలికలు పడి కట్టుకోవడానికి పనికిరాదు. కొంగు, అంచులు మాత్రం కొత్తదానిలాగే ఉన్నాయి. అందులో జాకెట్టు కుట్టమన్నారు. "స్కూలు వార్షికోత్సవానికి స్టేజీ మీద మాట్లాడమన్నారు. అందరి ముందూ నిలబడి చాలా రోజులైంది. ఈ ఒక్కసారి నిలబడగలిగితే ఇంక ఫర్వాలేదనుకుంటున్నాను" అన్నారు. ఆ మాట నేను విన్నాను గానీ, దాని బరువు నాకు తెలియలేదు.

ఆది తిరగేసి చూశాను. టీచరుగారి చేతి కుట్టే, సందేహం లేదు. కానీ కుడి పక్కా ఎడమ పక్కా ఒకేలా లేవు. ఒంటి ఆకారానికి తగ్గట్టు గుడ్డని లోపలికి మడిచి కుట్టే టక్కులు ఎడమవైపు మామూలుగా ఉన్నాయి, కుడివైపు అసలు లేవు. కుడి చంక అంగుళం కిందికి దిగి ఉంది. కుడి పక్క లోపల మాత్రం సంచిలాగా ఇంకో పొర గుడ్డ అతికి ఉంది. అయ్యో, టీచరుగారి చూపు ఎంతగా తగ్గిపోయింది, ఇంత తప్పుగా కుట్టి ఇచ్చారు, పాపం ఈవిడ మొహమాటపడి ఏమీ అనలేకపోయారు అనుకున్నాను. ఆవిడ పేరు కాపాడాలనిపించింది. ఎడమ పక్కనే కొలతగా తీసుకుని రెండు వైపులా సమంగా కత్తిరించాను. ముచ్చటగా కుట్టాను. గురువుగారి పొరపాటు గుట్టుగా దిద్దానని లోలోపల మురిసిపోయాను కూడా.

ఫంక్షనుకి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం స్కూలు విరామంలో కామేశ్వరిగారు వచ్చారు. కర్టెన్ వెనక్కి వెళ్ళారు. ఎంతసేపటికీ గాజుల చప్పుడు కూడా లేదు. బయటికి వచ్చినప్పుడు పాత జాకెట్టుతోనే ఉన్నారు. కొత్తది నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచారు.

"సరిపోలేదాండీ?"

"చాలా అందంగా కుట్టారమ్మా. నాకే కుదరదు."

"ఎక్కడ పట్టేసిందో చెప్పండి, ఇప్పుడే సరిచేస్తాను."

"వద్దులెండి. నేను ఫంక్షనుకి వెళ్ళను. ఇది ఎవరికైనా పనికొస్తుంది, మీ దగ్గరే ఉంచండి." ఆది తీసుకుని, కొంగు రెండు భుజాల చుట్టూ బిగించి కప్పుకుని వెళ్ళిపోయారు.

నాకు ముందు వచ్చింది కోపమే. ఆది అలా ఉంటే తప్పు నాదా? జాకెట్టు పట్టుకుని టీచరుగారింటికి వెళ్ళాను. అప్పటికి వారం కిందట ఒక కంటికి ఆపరేషనైంది, పచ్చగుడ్డ కట్టుకుని వసారాలో పడుకుని ఉన్నారు. జరిగింది చెప్పాను. ఆవిడ లేచి కూర్చుని జాకెట్టు ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో తడిమారు. ఎడమ పక్క తడిమి, కుడి పక్క తడిమి, మళ్ళీ ఎడమ పక్కకి వచ్చారు.

"రెండు పక్కలా ఒకేలా కుట్టావా?"

"అవునండీ. మీకు కళ్ళు బాలేనప్పుడు కుట్టింది కదా, కాస్త అటూ ఇటూ అయింది. నేను సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు లెండి."

ఆవిడ జాకెట్టు మడిచి పక్కన పెట్టారు. "అప్పుడు నా కళ్ళు బాగానే ఉన్నాయే" అన్నారు. "ఆ పిల్లకి కుడి పక్కది తీసేశారు. కాన్సరు. వాళ్ళాయనకీ నాకూ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, ఇప్పుడు నీ వల్ల ఆ మాట పోయింది. ఆ లోపలి పొరలో మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకుంటుంది. చెయ్యి పైకి లేవదని చంక దించాను. నేను ఉన్నది ఉన్నట్టు కుట్టమన్నానా లేదా?"

అన్నారు, అన్నారు. నేనే వినలేదు. తను ఏం కోల్పోయిందో గుర్తుచేసే జాకెట్టు ఆవిడ చేతికిచ్చి, పైగా సరిపోలేదా అని అడిగాను. కర్టెన్ వెనక ఆ నిశ్శబ్దంలో ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. అక్కడే కూలబడి ఏడ్చాను.

"రాజీనామా ఇచ్చేస్తానంటోంది ఆ పిల్ల" అన్నారు టీచరుగారు. "ఈ ఫంక్షను ఒక్కటీ దాటితే నిలదొక్కుకుంటుందని నేనే బతిమాలి ఒప్పించాను. లే, ఏడుపు తరవాత. ముందు విప్పు."

గుడ్డ ఎక్కడిది? చీరలో బాగున్న భాగమంతా కత్తిరించేశాను. కానీ ఐదేళ్ళుగా ఆవిడ దగ్గర నేర్చుకున్న అలవాటు ఒకటి నన్ను కాపాడింది. కుట్టు లోపల అన్ని వైపులా అంగుళన్నర గుడ్డ వదిలాను. టక్కుల లోపలి గుడ్డ కొయ్యలేదు. మిగిలిన ముక్కలన్నీ, అంచుతో సహా, కామేశ్వరిగారి పేరు రాసి మూటకట్టి ఉంచాను. అది వినగానే టీచరుగారి మొహంలో కళ వచ్చింది. "పెట్టెలో అడుగున నీలం రంగు రవిక ఉంటుంది, తీసుకురా" అన్నారు.

అది ఆవిడకి కుట్టు నేర్పినావిడ రవిక. నేను ఎప్పుడో విప్పి కుట్టిందే, కానీ దాని విలువ అప్పుడు తెలియలేదు. భుజాల కింద రొమ్ము మీదుగా ఒక అడ్డపట్టీ, ఆ పట్టీ నుంచి కిందికి దింపిన సన్నటి కుచ్చులు. దానికి టక్కులే లేవు. గుడ్డ ఒంటిని పట్టి చూపించదు, కుచ్చుల్లోంచి వదులుగా జారుతుంది. లోపల ఒక పక్క ఏముందో, ఇంకో పక్క ఏం లేదో బయటికి చెప్పదు. ఎంతమంది ఆడవాళ్ళ ఎన్ని రకాల శరీరాలు చూస్తే ఆ కత్తిరింపు పుట్టిందో అనిపించింది నాకు.

టక్కులు విప్పేసరికి అందులో దాగిన గుడ్డంతా చేతికొచ్చింది. దాన్నే కుచ్చులుగా తిప్పాం. చీర అంచుతో అడ్డపట్టీ వేశాం. మూటలోని ముక్కలతో రెండు చంకల్లోనూ నలుపలకల ముక్కలు. హుక్కులు ముందుకే. కుడి పక్క లోపల మెత్తటి పాత నూలుగుడ్డ పొర. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆవిడ కంటికి కట్టుతోనే, వేళ్ళతో తడిమి "ఇక్కడ ఇంకో కుచ్చు" అని చెబుతుంటే నేను కుట్టాను.

జాకెట్టు తీసుకుని కామేశ్వరిగారింటికి నేనే వెళ్ళాను. దారి పొడుగునా ఏవో సాకులు ఆలోచించుకున్నాను. తలుపు తీసి ఆవిడ ఎదురుగా నిలబడేసరికి ఒక్క సాకూ నోటికి రాలేదు.

"తప్పు నాదండీ. మీరు ఆది ఇచ్చారు, నేను దాన్ని నమ్మలేదు" అన్నాను.

ఆవిడ నా మొహం చూశారు. నాకు తెలిసిపోయిందని ఆవిడకి అర్థమైంది. జాకెట్టు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. హాల్లో గోడగడియారం చూస్తూ నిలబడ్డాను. పావుగంట తరవాత లోపలి నుంచి పిలిచారు. "విజయగారూ, ఒకసారి లోపలికి రండి. ఈ పట్టీ దగ్గర కాస్త వదులుందేమో చూస్తారా?"

వెళ్ళాను. పైట లేకుండా అద్దం ముందు నిలబడి ఉన్నారు. నేను పట్టీ చూస్తుండగా కుడి చెయ్యి మెల్లగా లేపారు. భుజం దాకా వచ్చి ఆగింది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ఇంకాస్త లేపి, అద్దం పైఅంచు మీద అరచెయ్యి ఆనించారు. జాకెట్టు కదల్లేదు. "బోర్డు ఇంత ఎత్తే ఉంటుంది" అన్నారు అద్దంలో నన్ను చూస్తూ.

వార్షికోత్సవానికి నేను వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాను. కామేశ్వరిగారిని పిలిచినప్పుడు కొంగు రెండు భుజాలా కప్పుకునే స్టేజీ ఎక్కారు. మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. తరవాత కుడి భుజం మీది కొంగు తీసి వెనక్కి వేసుకుని, మొదటి మాట మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు ఒక్క ముక్కా గుర్తులేదు. ఆవిడ రాజీనామా ఇవ్వలేదు. పూర్తి సర్వీసు చేసి మరీ రిటైరయ్యారు. ఇప్పుడు వేరే ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్నారు.

ఆ తరవాతి వారంలో జరిగింది మేమెవరం ఊహించనిది. ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళు నా షాపుకి రావడం మొదలుపెట్టారు. "ఆ లెక్కల టీచరుగారు వేసుకున్నారే, అడ్డపట్టీ కుచ్చుల జాకెట్టు, ఆ కొత్త మోడలండి" అని అడిగేవారు. వాళ్ళలో రైసుమిల్లువారి కోడలూ ఉంది, పోస్టుమాస్టరుగారి భార్యా ఉంది. పరిగెత్తుకెళ్ళి టీచరుగారికి చెప్పాను. ఎందుకు పుట్టిందో తెలియకుండా ఊరంతా అదే అడుగుతుంటే ఏం చెప్పాలండీ అన్నాను.

"పాత మోడలే అని చెప్పు. అబద్ధం కాదుగా" అన్నారావిడ. "ఊళ్ళో నలభైమంది అదే వేసుకుని తిరిగితే ఆ పిల్లని వేరుగా చూసేవాళ్ళు ఎవరుంటారు? తొందరగా కుట్టు."

కుట్టాను. వాళ్ళ పాత చీరలే తెమ్మని, వాటితోనే కుట్టాను. నా షాపు నిలబడింది ఆ జాకెట్టు మీదే, నాకు పేరొచ్చింది కూడా దానివల్లే. ఇది మా టీచరుగారు బతికుండగానే చూశారు. రెండో కంటికి కూడా ఆపరేషను చేయించుకుని, ఇంకో ఏడెనిమిదేళ్ళు నా కుట్లు తిరగేసి వంకలు పెట్టి, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి పడుకుని నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆదుల పెట్టె నాకిమ్మని ముందే పాస్టరుగారికి చెప్పి ఉంచారట.

పోయిన నెల పోలవరం వైపు నుంచి ఒకావిడ కొరియర్లో ఆది పంపారు. ఎడమ చెయ్యి కుడిదానికన్నా మూడంగుళాలు పొట్టి. నాతో పనిచేసే నాగమణి దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదేంటక్కా, ఇలా ఉంది? ఫోన్ చేసి ఎందుకో అడగనా?" అంది. వద్దన్నాను. టేపు తీసి కుడి చెయ్యి ఒకసారి, ఎడమ చెయ్యి ఒకసారి విడివిడిగా కొలిచి, రెండు కొలతలూ పుస్తకంలో రాసుకుని కత్తెర అందుకున్నాను.